కొత్తగా కెమెరా పట్టేవారికి పదమూడు అనుభవ పాఠాలు

ఆటో మోడ్‌లో పెట్టిన డిజిటల్ కెమెరా, మీరు బటన్ నొక్కిన రెప్పపాటులో చాలా విషయాలు తేల్చేస్తుంది. ఎంత వెలుగు లోపలికి రానివ్వాలి, ఎంతసేపు రానివ్వాలి, ఎవరి ముఖం స్పష్టంగా ఉండాలి, పసుపు ఎంత పసుపుగా కనిపించాలి, ఒంటి రంగు ఎలా ఉండాలి, అన్నీ అదే నిర్ణయిస్తుంది. చాలాసార్లు ఫరవాలేదనిపించే ఫొటోయే ఇస్తుంది. అయితే ఆ కెమెరా తయారుచేసినవాళ్లు మీ అమ్మమ్మను చూడలేదు. మీ ఊరి చెరువు గట్టు మీద సాయంత్రపు ఎండ ఎలా పడుతుందో వాళ్లకు తెలియదు. అవి తెలిసింది మీకు. అందుకే కెమెరా చేస్తున్న నిర్ణయాలను ఒక్కొక్కటిగా మీ చేతిలోకి తెచ్చుకోవాలి. ఫొటోగ్రఫీ నేర్చుకోవడమంటే నా దృష్టిలో అదే.

రీలు కెమెరాతో మొదలుపెట్టి, డార్క్‌రూమ్‌లో ఎర్ర బల్బు కింద ప్రింట్లు వేసి, తర్వాత డిజిటల్‌కు మారిన తరం మాది. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫొటోలు, జాతరలు, బడి గ్రూప్ ఫొటోలు, ఈ పనిలోనే నా జీవితం గడిచింది. నేర్చుకుంటామని వచ్చే పిల్లలకు నేను చెప్పే మాటలను ఇక్కడ వరసగా పెడుతున్నాను. ఒకటి చేతికి పట్టుబడ్డాకే రెండోదానికి వెళ్లండి.

1. ఉన్న కెమెరాతోనే మొదలుపెట్టండి

కొడాక్ కంపెనీ ఇంజనీరు స్టీవ్ సాసన్ 1975లో తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరా బరువు సుమారు మూడున్నర కిలోలు. అది తీసే బొమ్మలో అడ్డంగా 100 చుక్కలు, నిలువుగా 100 చుక్కలు, మొత్తం పదివేలు. ఒక్క బొమ్మ క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఇప్పుడు మామూలు ఫోన్ కూడా 12 మెగాపిక్సెళ్లు, అంటే కోటీ ఇరవై లక్షల చుక్కలు ఇస్తుంది. 12×8 అంగుళాల మంచి ప్రింటుకు అంగుళానికి 300 చుక్కల లెక్కన దాదాపు 86 లక్షల చుక్కలు చాలు. 4కే టీవీ తెర నిండటానికి 83 లక్షలు చాలు. కాబట్టి మెగాపిక్సెళ్ల సంఖ్య చూసి కెమెరా మార్చాల్సిన పని లేదు.

ఫోన్‌తో కుదరని పని ఏదో మీకే తెలిసివచ్చినప్పుడు కెమెరా కొనండి. దూరపు కొమ్మ మీది పక్షి కావాలన్నా, వెలుగు చాలని ఫంక్షన్ హాలులో కదిలే మనుషులు కావాలన్నా పెద్ద సెన్సర్, మంచి లెన్సు ఉండాల్సిందే. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36×24 మిల్లీమీటర్లు. ఫోన్ సెన్సర్ అందులో చిన్న ముక్క. మొదటి కెమెరాగా సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నా తప్పులేదు. లెన్సు వెనక టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూసుకోండి. కెమెరాతో వచ్చే 18–55 లెన్సు, తర్వాత ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఉంటే, నేర్చుకోవడానికి చాలాకాలం మరేమీ అక్కర్లేదు.

2. వస్తువు కంటే ముందు వెలుగును చూడండి

అన్ని పాఠాల్లోకీ పెద్దది ఇదే. ఫొటో తీయాలనిపించగానే కెమెరా ఎత్తకండి. వెలుగు ఎటునుంచి వస్తోందో, గట్టిగా పడుతోందో మెత్తగా పడుతోందో, ఏ రంగులో ఉందో చూడండి.

మన వేసవి మధ్యాహ్నం ఎండ నడినెత్తి మీంచి పడుతుంది. కనుబొమల నీడ కళ్ల మీద పడి కళ్లు గుంటల్లా కనిపిస్తాయి, ముక్కు నీడ పెదవి మీదికి దిగుతుంది. అదే మనిషిని నాలుగడుగులు ఇవతలికి పిలిచి చూరు కిందో, వసారాలోనో, అరుగు మీదనో కూర్చోబెట్టండి. వాకిట్లో పడిన ఎండ తిరిగి ముఖం మీదికి మెత్తగా వస్తుంది, కళ్లలో మెరుపు కనిపిస్తుంది. పెంకుటింటి వసారా కంటే మంచి స్టూడియోను నేను చూడలేదు. అపార్ట్‌మెంటులో ఉండేవారికి ఆ పని కిటికీ చేస్తుంది. మనిషిని కిటికీకి పక్కగా కూర్చోబెట్టి, ముఖాన్ని కొంచెం వెలుగువైపు తిప్పమనండి. లోపలి ట్యూబులైటు ఆపేయండి.

మబ్బు పట్టిన రోజు ఫొటోలకు పనికిరాదనుకుంటారు. మనుషుల ముఖాలకు, వరినాట్ల పచ్చదనానికి, తడిసిన రాతికి ఆ వెలుగే బాగుంటుంది. శిల్పాలకు మాత్రం ఏటవాలు ఎండ కావాలి. ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడికి వెళ్లి మదనికల శిల్పాలను ఒకసారి మిట్టమధ్యాహ్నం, ఒకసారి ఎండ పక్కనుంచి పడే వేళ చూడండి. 1213లో కట్టిన ఆ గుడికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఆ నల్లరాతి మీద శిల్పి చెక్కిన నగల నునుపు, వేలి మడత పక్కవెలుగు పడితేనే కంటికి ఆనుతాయి.

అభ్యాసానికి ఒక ఇత్తడి చెంబును కిటికీ దగ్గర పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం దాన్నే తీయండి. చెంబు కదలకూడదు, మీరు కదలకూడదు. మారింది వెలుగొక్కటే. ఆ మార్పు కంటికి తెలిస్తే సగం విద్య వచ్చినట్టే.

3. కెమెరా కొలతను సరిచూసుకోండి

కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఉంటుంది. తన ముందున్న దృశ్యం సగటున మధ్యరకం బూడిద రంగంత వెలుగులో ఉందనుకుని అది లెక్క వేస్తుంది. అందుకే ఫ్రేము నిండా తెల్లటి ఒంగోలు గిత్త ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించి గిత్తను బూడిద రంగులోకి దించుతుంది. ఫ్రేము నిండా నల్ల గేదె ఉంటే, చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచి గేదెను వెలిసిపోయినట్టు చూపిస్తుంది. కొత్త కెమెరాల మీటర్లు చాలా తెలివైనవే, అయినా ఈ స్వభావం పూర్తిగా పోలేదు.

దీనికి మందు ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ బటన్. తెల్లగిత్తకు ప్లస్ 1 వైపు, నల్లగేదెకు మైనస్ 1 వైపు జరపండి. ఫోన్‌లో అయితే తెర మీద తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకో కిందికో లాగండి.

ఇంకో సంగతి. తెల్లపంచె మీద ఎండ పడి ఆ భాగం పూర్తిగా తెల్లబడిపోతే, అక్కడి మడతలు తర్వాత ఎంత దిద్దినా తిరిగి రావు. నీడలో దాగిన వివరాన్ని కొంతవరకు పైకి తీయవచ్చు. కాబట్టి గట్టి ఎండలో తెలుపును కాపాడుకోండి. ఫొటోలోని వెలుగునీడల పంపకాన్ని చూపే హిస్టోగ్రామ్ గ్రాఫు కుడి అంచుకు గుద్దుకుంటే వెలుగు ఒక మెట్టు తగ్గించండి.

4. మూడు అంకెల సంబంధం కంఠస్థం కావాలి

ఎపర్చర్, షట్టర్ స్పీడ్, ఐఎస్ఓ. ఎపర్చర్ అంటే లెన్సులో వెలుగు వచ్చే ద్వారం. మన కంటిపాప ఎండలో చిన్నదై చీకట్లో పెద్దదైనట్టు దీన్ని చిన్నదిగా, పెద్దదిగా చేయవచ్చు. దాని అంకెలు 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. అంకె పెరిగేకొద్దీ ద్వారం చిన్నదవుతుంది. ఒక్కో మెట్టుకు వెలుగు సగమవుతుంది. షట్టర్ వెలుగును ఎంతసేపు రానివ్వాలో చూస్తుంది: 1/125 సెకను నుంచి 1/250కి వెళ్తే వెలుగు సగం. ఐఎస్ఓ 200 నుంచి 400కి వెళ్తే అదే వెలుగుకు బొమ్మ రెట్టింపు ప్రకాశంగా వస్తుంది.

రీలు రోజుల్లో మీటరు లేని కెమెరాతో పనిచేసినవాళ్లు ఒక లెక్క గుర్తుపెట్టుకునేవారు. నిండు ఎండలో ఎపర్చర్ 16, ఐఎస్ఓ 100 ఉంటే షట్టర్ 1/125 దగ్గర పెట్టాలి. అంతే వెలుగు ఎపర్చర్ 8, షట్టర్ 1/500తో వస్తుంది. ఎపర్చర్ 4, షట్టర్ 1/2000తో కూడా వస్తుంది. మూడు ఫొటోల ప్రకాశం ఒకటే, కానీ ఫొటోలు మూడూ వేరు. ఎపర్చర్ 16లో ముందున్న పువ్వు నుంచి వెనకున్న కొండ దాకా స్పష్టంగా ఉంటుంది. 4లో పువ్వు స్పష్టంగా ఉండి వెనకదంతా కరిగిపోతుంది. ఏది కావాలో కెమెరాకు తెలియదు. అది మీ మాట.

మొదటి రోజే మాన్యువల్ మోడ్‌తో కుస్తీ పట్టొద్దు. డయల్ మీద ఏ లేదా ఏవీ అని ఉండే ఎపర్చర్ ప్రయారిటీలో పెట్టండి. ఎపర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్‌ను కెమెరా చూసుకుంటుంది. ఒక్కరి ఫొటోకు 1.8 లేదా 2.8, రెండు మూడు వరసల కుటుంబం ఫొటోకు 8 దగ్గర. ఐఎస్ఓ పెంచితే ఫొటోలో గింజ, అంటే ఇసుక చల్లినట్టు చుక్కలు, పడుతుందని భయపడేవారు చాలామంది. గింజ పడ్డ ఫొటోను దాచుకోవచ్చు. చెయ్యి కదిలి అలికినట్టు వచ్చినదాన్ని ఏమీ చేయలేం. చీకట్లో ధైర్యంగా ఐఎస్ఓ పెంచండి.

5. కదలికను ఆపాలా, కదలనివ్వాలా తేల్చుకోండి

తలంబ్రాలు పోసేటప్పుడు గాలిలో ఉన్న ఒక్కో గింజా విడిగా కనబడాలంటే 1/500 లేదా అంతకంటే వేగం కావాలి. గోదావరిలో జాలరి విసిరిన వల గొడుగులా విచ్చుకున్న క్షణానికి 1/1000. కొల్లేరు ఆటపాక దగ్గర గూడబాతు రెక్క విప్పి లేచేటప్పుడు 1/2000.

అన్నింటినీ ఆపేస్తే ఫొటోలో ప్రాణం పోయే సందర్భాలూ ఉన్నాయి. సందెవేళ బతుకమ్మ ఆటను ట్రైపాడ్ మీద కెమెరా పెట్టి 1/4 సెకను దగ్గర తీసి చూడండి. నడుమ పేర్చిన తంగేడు, గునుగు పూలు నిలకడగా ఉంటాయి. చుట్టూ తిరిగే ఆడవాళ్ల చీరల రంగులు వలయంలా కలిసిపోతాయి. ఆ ఆటలోని తిరుగుడు అలా కనిపిస్తుంది.

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు ఒక హద్దు ఉంది. 50 ఎంఎం లెన్సుకు కనీసం 1/50, 200 ఎంఎం లెన్సుకు కనీసం 1/200. సెన్సర్ చిన్నదైన ఏపీఎస్-సీ కెమెరాలకు దీన్ని ఒకటిన్నర రెట్లు చేసుకోండి. మోచేతులు ఒంటికి ఆనించి, ఊపిరి సగం వదిలి నొక్కండి.

6. ఫోకస్ చుక్కను మీరే పెట్టండి

కెమెరాను వదిలేస్తే చాలాసార్లు దగ్గరున్నదాని మీదికి పోతుంది. పెళ్లికూతురి ముఖం బదులు ముందున్న పూలదండ స్పష్టంగా వస్తుంది. సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టుకుని, ఆ చుక్కను కంటి మీద ఉంచండి. ముఖం పక్కకు తిరిగి ఉంటే మనకు దగ్గరున్న కంటి మీద. కన్ను స్పష్టంగా ఉంటే చెవి కాస్త మసకబారినా ఎవరూ పట్టించుకోరు. కన్ను మసకబారితే ఎంత మంచి ముఖమూ నిలవదు. పరిగెత్తే పిల్లలకు, నాట్యం చేసేవారికి కంటిన్యువస్ ఫోకస్ వాడండి.

ఫోన్ వాడేవారు తీసే ముందు లెన్సును మెత్తటి నూలు బట్టతో తుడవండి. చేతి జిడ్డు అంటిన లెన్సు వల్ల దీపాల చుట్టూ గీతలు వస్తాయి, ఫొటో అంతటా పొగ కమ్ముతుంది. చాలామంది ఫోన్ పాతబడిందనుకునేది ఈ జిడ్డు వల్లే.

7. ఒంటి రంగును ఉన్నది ఉన్నట్టు ఉంచండి

ఈ పాఠం చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెరుగుతుంది, ఏమనుకోకండి. రంగు ఫిల్ము రోజుల్లో ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి కొడాక్ పంపే నమూనా ఫొటోలను షర్లీ కార్డులనేవారు. చాలాకాలం వాటిలో ఉన్నది తెల్లజాతి మహిళలే. ఆ చర్మానికి సరిపోయేలా రంగులు కుదిరితే చామనఛాయ, నలుపు మనుషుల ముఖాల్లో వివరం పోయేది. ఆ కాలం పోయింది. కానీ ఇప్పుడు మనమే ఫోన్‌లో బ్యూటీ మోడ్ పెట్టి, ఆల్బమ్ డిజైన్‌లో తెల్లపొడి పూసినట్టు దిద్ది, మన మనుషులను మనకే కొత్తవాళ్లుగా చేస్తున్నాం.

బ్యూటీ మోడ్ ఆపేయండి. చామనఛాయ ముఖానికి మెత్తటి పక్కవెలుగు ఇవ్వండి. చెంప మీద, నుదుటి మీద వెలుగు జారే తీరు అందంగా ఉంటుంది. ఎదురుగా ఫ్లాష్ కొట్టకండి. ఫ్లాష్ తప్పకపోతే తెల్లటి కప్పువైపు తిప్పి కొట్టండి. ముఖాన్ని చూసి వెలుగు సరిచేసుకోండి, వెనకున్న తెల్లగోడను చూసి కాదు.

వైట్ బ్యాలెన్స్, అంటే వెలుగు ఏ రంగులో ఉన్నా తెలుపును తెల్లగా చూపే సవరణ, కూడా ఇక్కడే నేర్చుకోవాలి. పగటి ఎండ రంగు సుమారు 5500 కెల్విన్లు. పాత పసుపు బల్బు 3000 దగ్గర. నీడలో 7000 దాకా వెళ్లి నీలిగా ఉంటుంది. మంగళస్నానం నాటి పసుపు పసుపుగానే ఉండాలి, ముఖం మాత్రం పాలిపోకూడదు. ఒక తెల్ల కాగితాన్ని అదే వెలుగులో తీసి, దాన్నిబట్టి వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. స్టేజి మీద రంగురంగుల ఎల్ఈడీ లైట్లు ముఖం మీద పడుతుంటే ముహూర్తం సేపైనా ఆపమని ముందే మర్యాదగా అడగండి.

8. జూమ్ కంటే నడక మేలు

ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు పెద్దగా, చెవులు చిన్నగా వస్తాయి. లెన్సు లోపం కాదది, దూరం మహిమ. రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టి తీయండి, ముఖం సహజంగా వస్తుంది. చిన్నపిల్లలను తీసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చోండి. వాళ్ల కళ్ల ఎత్తుకు దిగితేనే వాళ్ల లోకం దొరుకుతుంది.

ఫ్రేము నాలుగు మూలలూ చూసే అలవాటు చేసుకోండి. తల వెనక కరెంటు స్తంభం, పక్కన ప్లాస్టిక్ కుర్చీ, కింద నీళ్ల సీసా, ఇవన్నీ కంటికి కనిపించవు, ఫొటోలో మాత్రం ముందు అవే కనిపిస్తాయి. ఒక్క అడుగు పక్కకు వేస్తే చాలావరకు పోతాయి. ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ హెన్రీ కార్టియే-బ్రెసాన్ తన పని ఎక్కువ భాగం ఒక్క 50 ఎంఎం లెన్సుతోనే చేశారు. మీరూ కొన్ని నెలలు ఒకే లెన్సుతో, లేదా ఫోన్‌లో ఒకే 1ఎక్స్‌తో తీయండి. ఎక్కడ నిలబడితే ఏం పడుతుందో కెమెరా ఎత్తకముందే కాళ్లకు తెలిసిపోతుంది.

9. మనిషి ముందు, ఫొటో తర్వాత

"పెద్దమ్మా, ఒక ఫొటో తీసుకోనా?" అని అడగడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అడిగితే సహజత్వం పోతుందని కొందరంటారు. మొదట నవ్వి సర్దుకుంటారు, నిజమే. కాసేపు కూర్చుని ఊరు, పేరు, పంట, పిల్లల గురించి మాట్లాడండి. కెమెరా సంగతి వాళ్లు మరిచిపోతారు, అప్పుడు తీయండి. వద్దంటే కెమెరా దించేయండి.

రాజా దీన్‌దయాళ్ (1844–1905) ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, గాజు పలకల మీద ఫొటోలు తీశారు. పరదా పాటించే స్త్రీల కోసం ఆయన హైదరాబాదులో జనానా స్టూడియో విడిగా నడిపారు. అక్కడ ఫొటోలు తీసే పని ఒక మహిళకే అప్పగించారు. ఎదుటివారి మర్యాదకు తగ్గట్టు తన పనిని మార్చుకున్న ఆ పద్ధతిని నేను గొప్పగా చూస్తాను.

పుష్కరాల్లో స్నానం చేస్తున్నవారిని, ఆసుపత్రి వరండాలో ఏడుస్తున్నవారిని, ఆదుకునేవారు లేని పిల్లలను దొంగచాటుగా తీయకండి. పోచంపల్లిలో మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్న మనిషి ఫొటో తీస్తే ప్రింటు పంపిస్తానన్న మాట నిలబెట్టుకోండి. తిరుమల ఆలయంలోకి ఫోన్లు, కెమెరాలు తీసుకెళ్లకూడదు. పురావస్తు శాఖ కాపాడే కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. ఆ కట్టుబాట్లను గౌరవించండి. గూళ్లలో గుడ్లు, పిల్లలున్న పక్షుల దగ్గరికి వెళ్లకండి. తల్లి ఎగిరిపోతే గుడ్లు ఎండ పాలవుతాయి, కాకుల పాలవుతాయి.

10. క్షణం వచ్చే దారి తెలిసుండాలి

మంచి క్షణం అదృష్టం వల్ల దొరికిందని చూసేవారంటారు. పని తెలిసినవారికి అది ఎటునుంచి వస్తుందో తెలుస్తుంది. పెళ్లిలో పంతులుగారు గట్టిమేళం అనగానే డోలు ఊపందుకుంటుంది, బంధువులంతా అక్షింతలు పట్టుకుని లేచి ముందుకు వస్తారు. అప్పుడు చోటు వెతుక్కుంటే వీపులే దొరుకుతాయి. జీలకర్ర–బెల్లం ముహూర్తానికి ముందే ఎక్కడ నిలబడాలో, ఎపర్చర్ ఎంతో, ఐఎస్ఓ ఎంతో సిద్ధం చేసుకోవాలి. తీశాక వెంటనే తల దించి తెర చూసుకోవడం మానండి. తాళి కట్టాక పెళ్లికూతురి తండ్రి కళ్లు తుడుచుకునేది సరిగ్గా ఆ సమయంలోనే.

ఏది తీయాలనుకుంటారో దాన్ని ముందు తెలుసుకోండి. కోడి కూసే వేళ, కల్లు దించే వేళ, మిర్చి కల్లాల్లో పని మొదలయ్యే వేళ తెలిసినవారికి, ఎంత ఖరీదు కెమెరా ఉన్నా తెలియనివారికి దొరకనివి దొరుకుతాయి.

11. తీసినవన్నీ దాచకండి

రీలుకు 36 ఫొటోలు. ప్రతి నొక్కుకూ డబ్బు. అందుకే ఆలోచించి తీసేవాళ్లం. డిజిటల్‌లో నొక్కుడు ఉచితం. నేర్చుకునేవారికి ఇది పెద్ద వరం, తప్పులు చేసి వెంటనే చూసి దిద్దుకోవచ్చు. కానీ ఒకే భంగిమకు ఇరవై తీసి, ఇరవైనీ ఉంచుకుంటే వాటిలో ఉన్న మంచి ఫొటో మీకే కనిపించకుండా పోతుంది.

తీసిన రోజే ఎంపిక చేయకండి. ఆ రోజు పడిన శ్రమ, ఆ ఎండ, ఆ నడక మీ తీర్పును వంచుతాయి. కొన్ని రోజులు ఆగి చూడండి. ఒక సందర్భానికి పది మించకుండా తేల్చండి. ప్రతి ఫొటో ఎందుకు ఉంచారో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. ఎంపికతో చూపు పదునెక్కుతుంది.

12. దిద్దడంలో నిజం దాటకండి

జేపెగ్ ఫైలు ఒక్కో రంగును 256 మెట్లుగా దాస్తుంది. సెన్సర్ పట్టినదాన్ని దిద్దకుండా దాచే రా ఫైలు 12 బిట్లదైతే 4,096 మెట్లు, 14 బిట్లదాంట్లో 16,384 ఉంటాయి. నీడలోని వివరాన్ని పైకి తేవాలన్నా, రంగు సరిచేయాలన్నా రా ఫైలు ఎక్కువ తట్టుకుంటుంది. కొంత నేర్చుకున్నాక రా వైపు మారండి. ఫోన్‌లో స్నాప్‌సీడ్, కంప్యూటర్లో డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి, మొదలుపెట్టడానికి అవి చాలు.

వంకరగా ఉన్న నీటి గట్టును తిన్నగా చేయండి, అంచు కత్తిరించండి, వెలుగు, రంగు సరిచేయండి. అక్కడితో ఆగండి. లేని మబ్బులు అతికించి, ఉన్న మనిషిని చెరిపేసి, దాన్ని ఫొటో అని చూపించకండి. అలంకారంగా చేసుకుంటే అలంకారమని చెప్పండి. మన ఊరు ఇలా ఉండేదని రేపటి పిల్లలు మీ ఫొటో చూసి నమ్ముతారు. ఆ నమ్మకం చాలా విలువైనది.

13. భద్రపరచండి, ప్రింటు వేయండి, పేర్లు రాయండి

కెమెరాలో తేదీ, సమయం సరిగా పెట్టండి. మెమరీ కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయండి, అదీ ఫొటోలు రెండు చోట్ల చేరాకే. ప్రతి ఫొటోకు మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, అందులో ఒకటి మరో ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుంచించుకుపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. విశాఖ, కాకినాడలాంటి తీరప్రాంతాల తేమకు లెన్సుల్లో బూజు పడుతుంది. కెమెరాను తోలు సంచిలో మూసిపెట్టకండి. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టండి, తరచూ బయటికి తీసి వాడండి. వాడే కెమెరాకు బూజు తక్కువ.

ఫోన్ పోతుంది, హార్డ్‌డిస్కు పాడవుతుంది, పాస్‌వర్డు మరిచిపోతారు. ప్రింటు గోడ మీదో పెట్టెలోనో ఉంటుంది. ఏ ఇంట్లో చూసినా పాత ఫొటోల పెట్టెలో ఎవరో తెలియని ముఖాలు కొన్ని ఉంటాయి. ఆ ఫొటోలు తీసినవారికి పేర్లు తెలుసు. రాసిపెట్టలేదు. వాళ్లతోపాటే ఆ పేర్లూ వెళ్లిపోయాయి. మీరు తీసే ఫొటోలకు ఆ గతి పట్టనివ్వకండి.

ఈ పదమూడింటినీ ఒకేసారి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. ఈ నెల వెలుగు ఒక్కటే చూడండి, వచ్చే నెల మీటరు సంగతి. ఈలోగా ఒక పని మాత్రం ఆలస్యం చేయకండి. ఈ ఆదివారం పొద్దున మీ ఇంట్లో అందరికంటే పెద్దవారిని కిటికీ పక్కన కూర్చోబెట్టి, కబుర్లు చెబుతూ ఒక ఫొటో తీయండి. వెలుగుకు, రంగుకు మించి ఏమీ దిద్దకుండా ప్రింటు వేయించండి. వెనక వారి పేరు, ఇంటిపేరు, ఊరు, తేదీ రాసి వారి చేతిలోనే పెట్టండి.